దంతధావనం

మాటకంటే ముందుగా మనిషిని మనిషికి పరిచయం చేసేది చిరునవ్వు. ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరు ఎదురుపడినప్పుడు కూడా ఆ నవ్వు తన అర్థాన్ని తానే చెప్పుకుంటుంది. అందుకే మన ప్రాచీన కవులు పలువరుసను మొల్లమొగ్గలతోను, ముత్యాలతోను, దానిమ్మగింజలతోను పోల్చి మురిసిపోయారు. 'కుందరదన' అన్న సమాసానికి మొల్లమొగ్గల వంటి పలువరుస గలది అని అర్థం. ఈ ఉపమానాలను పైపైన చూస్తే కవులు మెచ్చుకొన్నది పంటి తెల్లదనాన్నే అనిపిస్తుంది. కాని దానిమ్మగింజ తెల్లనిది కాదు. గింజకు గింజ ఒదిగి, సందు లేకుండా అమరిన పొందికే అక్కడి సొగసు. మొగ్గలోని తాజాదనం, ముత్యంలోని నునుపు, గింజలలోని పొందిక - ఈ మూడూ ఆరోగ్యానికి చిహ్నాలు. చిరునవ్వుకు అందం ఆరోగ్యం నుంచే రావాలన్న సత్యం ఆ పోలికలలోనే ఇమిడి ఉంది.

సంస్కృతంలో పంటికి దంతం, దశనం, రదనం వంటి అనేక పర్యాయపదాలున్నాయి. వీటితోపాటు 'ద్విజం' అన్న మాట కూడా ఉంది. ద్విజ శబ్దానికి పన్ను, విప్రుడు, పక్షి అని మూడర్థాలను అమరకోశం చెబుతుంది. పక్షి మొదట గుడ్డుగా, తరువాత పిల్లగా రెండుసార్లు పుడుతుంది. విప్రునికి ఉపనయనం రెండో జన్మ. పన్ను మొదట పాలపన్నుగా వచ్చి, ఊడి, మళ్లీ శాశ్వత దంతంగా మొలుస్తుంది. ఈ ఒక్క పదంలో పూర్వుల సూక్ష్మ పరిశీలన కనిపిస్తుంది. అంతకు మించి ఒక హెచ్చరిక కూడా వినిపిస్తుంది. పంటికి జన్మలు రెండే. మూడో జన్మ లేదు. ఆరేడేళ్ల వయసులో మొలిచిన పన్ను అరవై, డెబ్బై ఏళ్లు మనిషికి సేవ చేయవలసి ఉంటుంది. దంత సంరక్షణను గురించి చెప్పదగినదంతా ఈ ఒక్క సత్యం నుంచే పుడుతుంది.

దంతాలు ఆహారాన్ని నమలడానికి మాత్రమే ఉద్దేశించినవి కావు. భాషకు కూడా అవి ఆధారం. తెలుగు వర్ణమాలలో త, థ, ద, ధ, న అనే అక్షరాలకు దంత్యాలని పేరు. నాలుక కొన పంటిని తాకనిదే అవి స్పష్టంగా పలకవు. 'వ'కారం దంత్యోష్ఠ్యం, దానికి పన్ను, పెదవి రెండూ కావాలి. తెలుగులో దంత్య చ, జలు కూడా ఉన్నాయి. 'చలి'లోని చకారాన్ని, 'చిలుక'లోని చకారాన్ని వెంటవెంటనే పలికి చూస్తే తేడా తెలుస్తుంది. ముందుపళ్లు ఊడిన వృద్ధుల మాటలో గాలి చొరబడి, పదాలు జారిపోవడానికి కారణమిదే. మన జాతీయాలలో సైతం పంటికి పెద్దపీట దక్కింది. కష్టాన్ని పంటిబిగువున భరించడం, సుఖంలో ఎదురైన చిన్న ఆటంకాన్ని పంటికింద రాయి అనడం, కోపంతో పళ్లు పటపట కొరకడం నిత్యం వినే మాటలే. జీవితానుభవంలో పన్ను ఎంతగా పెనవేసుకొని ఉందో వీటివల్ల తెలుస్తుంది.

శిశువుకు సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో మొదటి పాలపన్ను మొలుస్తుంది. మూడేళ్లు నిండే సరికి ఇరవై పాలపళ్లు పూర్తవుతాయి. ఆరేళ్ల వయసులో శాశ్వత దంతాల రాక మొదలవుతుంది. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం తెలుగు పల్లెల్లో పిల్లలకు ఒక వేడుక. ఆ వేడుక జరిగే రోజుల్లోనే, ఏ పన్నూ ఊడకుండా, పాలపళ్ల వరుసకు వెనుక తొలి శాశ్వత దవడపన్ను చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. దానిని కూడా పాలపన్నే అనుకొని, ఎలాగూ ఊడిపోయేదే కదా అని చాలామంది తల్లిదండ్రులు నిర్లక్ష్యం చేస్తారు. పిల్లల్లో ముందుగా పుచ్చిపోయే శాశ్వత దంతాలలో అది మొదటిది కావడానికి ఈ పొరపాటు కూడా ఒక కారణం. పెద్దవారిలో ఎనిమిది కుంతకాలు, నాలుగు రదనికలు, ఎనిమిది అగ్రచర్వణకాలు, పన్నెండు చర్వణకాలు కలిసి ముప్పై రెండు దంతాలుంటాయి. వాటిలో చివరి నాలుగింటిని జ్ఞానదంతాలంటారు. అవి పదిహేడో ఏడు మొదలుకొని ఇరవై అయిదో ఏటి వరకు ఎప్పుడైనా రావచ్చు. కొందరికి రాకనే పోవచ్చు.

పంటిపైన మెరిసే పొరను పింగాణీ పొర లేదా ఎనామిల్ అంటారు. మానవ శరీరంలోని పదార్థాలన్నింటిలో ఇదే అత్యంత కఠినమైనది. ఎముక కూడా దీనికి సాటిరాదు. దీని బరువులో దాదాపు 96 శాతం ఖనిజ లవణాలే. దానికింద డెంటిన్ అనే పసుపు ఛాయగల పొర, దాని లోపల నరాలు, రక్తనాళాలు గల మెత్తని గుజ్జు ఉంటాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. తెగిన చర్మం మానుతుంది. కాని అరిగిపోయిన పింగాణీ పొర మళ్లీ పెరగదు. ఆ పొరను నిర్మించిన కణాలు పన్ను చిగురును చీల్చుకొని బయటికి వచ్చేసరికే తమ పని ముగించుకొని నశిస్తాయి. అన్నింటికంటే గట్టిదైన పదార్థమే తనను తాను పునర్నిర్మించుకోలేకపోవడం ప్రకృతిలోని ఒక విచిత్రం.

ఇంతటి గట్టి కవచాన్ని ఛేదించే శత్రువు కంటికి కనిపించదు. 1683లో హాలెండు దేశస్థుడైన ఆంటోనీ వాన్ లీవెన్‌హాక్ తన పళ్లపైనున్న తెల్లని పాచిని గీకి, తాను తయారుచేసుకొన్న సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. అందులో లెక్కకు మించిన సూక్ష్మజీవులు చలించడం చూసి ఆశ్చర్యపోయి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖగా రాసి పంపాడు. సూక్ష్మజీవులను గురించి లోకానికి అందిన తొలి వర్ణనలలో అది ఒకటి. పళ్లకు పట్టే ఈ పాచిలోని కొన్ని సూక్ష్మజీవులు మనం తినే చక్కెరను తమ ఆహారంగా చేసుకొని ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. తీపి తిన్న కొద్ది నిమిషాలలోనే పంటి ఉపరితలంపై ఆమ్లత్వం పెరుగుతుంది. ఉదజని సూచిక సుమారు 5.5కు దిగువకు పడిపోతే పింగాణీ పొరలోని ఖనిజాలు కరగడం ఆరంభమవుతుంది. ఇదే దంతక్షయానికి నాంది.

అయితే ప్రకృతి మనిషిని నిరాయుధుణ్ణి చేసి వదలలేదు. లాలాజలం రూపంలో ఒక రక్షకుణ్ణి నోటిలోనే కాపలా ఉంచింది. లాలాజలం ఆమ్లాన్ని పలుచన చేస్తుంది. తనలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలను పంటికి తిరిగి అందిస్తుంది. తిన్న తరువాత అరగంట నుంచి గంటలోపు నోరు మళ్లీ సాధారణ స్థితికి చేరుకుంటుంది. ఆ విధంగా పంటిపై కరగడం, పూడడం అనే రెండు ప్రక్రియలు నిరంతరం సాగుతుంటాయి. పూడడంకంటే కరగడం ఎక్కువైన చోట పన్ను పుచ్చుతుంది. ఈ సూత్రాన్ని బట్టి రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, ఎంత తీపి తిన్నామన్న దానితోపాటు ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. భోజనంతో కలిపి ఒక లడ్డూ తిన్నవారికంటే, రోజంతా గంటకొక చాక్లెట్టు చప్పరించేవారి పళ్లకు ముప్పు అధికం. రెండోది, నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. కాపలాదారు నిద్రించే ఆ వేళలో పళ్లపై ఆహారం మిగిలి ఉంటే శత్రువుకు తలుపులు తెరిచినట్లే. కనుక పొద్దున తోముకోవడంకంటే రాత్రి తోముకోవడం మరింత ఆవశ్యకం.

భారతీయులకు దంతధావనం కొత్త విషయం కాదు. చరక, సుశ్రుత సంహితలు దినచర్యలో దీనికి ముఖ్యమైన స్థానమిచ్చాయి. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలంత లావు గల పచ్చిపుల్ల పనికివస్తుందని సుశ్రుతుడు నిర్దేశించాడు. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు. చేదు, వగరు, కారం రుచులు గల చెట్ల పుల్లలు శ్రేష్ఠమని ఆయుర్వేదం చెప్పింది. నాలుకను గీకే బద్దను బంగారు, వెండి, రాగి వంటి లోహాలతో చేసుకోవాలని, చిగుళ్లకు గాయం కాకుండా పళ్లు తోముకోవాలని కూడా ఆ గ్రంథాలు బోధించాయి. తెలుగు పల్లెల్లో వేప, కానుగ, ఉత్తరేణి, మర్రి ఊడ తరతరాలుగా పళ్లపుల్లలై సేవ చేశాయి. తాటాకు ఈనె నాలుకబద్ద అయింది. ముస్లిం కుటుంబాలలో మిస్వాక్ పుల్ల నేటికీ ఆదరణ పొందుతూనే ఉంది. పుల్ల కొసను నమిలి కుంచెగా మార్చుకోవడంలో చిగుళ్లకు వ్యాయామముంది. చేదు వల్ల లాలాజలం ఊరడంలో ప్రయోజనముంది.

పాతదంతా మంచిదని మాత్రం భావించరాదు. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక, ముతక ఉప్పు కూడా ఒకప్పుడు పళ్లపొడులుగా చలామణి అయ్యాయి. ఇవి పాచితోపాటు పింగాణీ పొరను కూడా అరగదీస్తాయి. బొగ్గుతో తోమిన పన్ను ఆ పూటకు తెల్లగా కనిపించవచ్చు. కాని ఏళ్ల తరబడి సాగిన ఆ రాపిడికి పైపొర పలుచబడి, కిందనున్న పసుపు డెంటిన్ బయటపడుతుంది. తెలుపు కోసం చేసిన ప్రయత్నమే పసుపును తెచ్చిపెడుతుంది. చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనడం కూడా అప్పుడే మొదలవుతుంది. పంటిపై నిమ్మచెక్క రుద్దడం ఇంతకంటే ప్రమాదకరం. అది ఆమ్లాన్ని చేజేతులా పంటికి పూయడమే అవుతుంది.

ఒకప్పుడు పాశ్చాత్య దేశాలలో పందివెంట్రుకలతో చేసిన కుంచెలు వాడేవారు. 1938లో అమెరికాలో నైలాన్ పోగుల బ్రష్షు విపణిలోకి వచ్చింది. ఆ తరువాత టూత్‌పేస్టులో ఫ్లోరైడు చేరడం దంతక్షయ నివారణలో మరో ముందడుగు. లాలాజలం పంటిని పూడ్చే పనిలో ఫ్లోరైడు తోడ్పడుతుంది; పూడిన భాగాన్ని ఆమ్లానికి సులువుగా లొంగకుండా చేస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధాల జాబితాలో ఫ్లోరైడు గల దంత ఉత్పత్తులకు చోటు కల్పించింది. వేపపుల్లకు, బ్రష్షుకు మధ్య కాలం పెంచిన దూరమెంతైనా, సూత్రం మాత్రం ఒక్కటే: పాచిని ప్రతిదినం తొలగించాలి, పంటికి, చిగురుకు గాయం కారాదు.

ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టే పద్ధతి చాలా సులభం. బ్రష్షు తల చిన్నదిగా, పోగులు మెత్తగా ఉండాలి. పోగులు గట్టిగా ఉంటేనే పళ్లు బాగా తోమినట్లన్నది భ్రమ. పెద్దవారికి బఠాణీగింజంత పేస్టు చాలు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత చాలు. ప్రకటనలలో చూపినట్లు బ్రష్షు పొడవునా పేస్టు పరచనవసరం లేదు. బ్రష్షును చిగురు, పన్ను కలిసే చోట నలభై అయిదు డిగ్రీల కోణంలో ఆనించి, మృదువుగా, చిన్న చిన్న కదలికలతో తోమాలి. బయటివైపు, లోపలివైపు, నమిలేవైపు అనే మూడు ముఖాలనూ వరుసగా శుభ్రపరచాలి. నోటిని పై కుడి, పై ఎడమ, కింది కుడి, కింది ఎడమ అని నాలుగు భాగాలుగా భావించి, ఒక్కొక్కదానికి అర నిమిషం కేటాయిస్తే రెండు నిమిషాలలో పని పూర్తవుతుంది. రంపంతో కోసినట్లు అడ్డంగా బలంగా తోమేవారికి చిగుళ్లు కిందికి జారి, పంటి మొదట్లో గాడి ఏర్పడుతుంది.

తోమడం పూర్తయిన తరువాత నురగను ఉమ్మివేయాలి. వెంటనే చెంబెడు నీళ్లతో పదేపదే పుక్కిలిస్తే పంటిపై నిలవవలసిన ఫ్లోరైడు కొట్టుకుపోతుంది. పిదప నాలుకను బద్దతో లోపలి నుంచి కొన వైపు మెల్లగా గీసుకోవాలి. నోటి దుర్వాసనకు నాలుకపై పేరుకొన్న తెల్లని పూత ఒక ముఖ్య కారణం. మన పెద్దలు నాలుకబద్దను దినచర్యలో భాగం చేయడంలోని ఔచిత్యం దీనివల్ల తెలుస్తుంది. బ్రష్షు పోగులు పక్కలకు వంగిపోతే, లేదా మూడు నెలలు గడిస్తే దానిని మార్చాలి. ఒకరి బ్రష్షు మరొకరు వాడరాదు.

పగటివేళ చేయవలసింది భోజనానంతరం నోరు పుక్కిలించడం. అన్నం తిన్నాక చేయి కడిగి, నోరు పుక్కిలించి గాని మరో పనికి పూనుకోకపోవడం తెలుగు ఇళ్లలో అనాదిగా ఉన్న ఆచారం. ఉపాహారశాలల్లో, కళాశాలల్లో ఈ అలవాటు క్రమంగా కనుమరుగవుతోంది. దానిని తిరిగి పాదుకొల్పడం అవసరం. నిమ్మరసం, చింతపండు పులుసు, శీతల పానీయాల వంటివి తీసుకొన్న వెంటనే మాత్రం బ్రష్షు పట్టరాదు. ఆమ్లం వల్ల మెత్తబడిన పైపొర ఆ రాపిడికి అరిగిపోతుంది. అరగంట ఆగి తోముకోవడం మేలు. పళ్లసందులలో ఇరుక్కున్న పీచును పిన్నీసుతోను, అగ్గిపుల్లతోను తీసే అలవాటు చిగుళ్లకు హానికరం. బ్రష్షు చేరలేని ఆ సందులను రోజుకొకసారి ఫ్లాస్ అనే సన్నని దారంతో శుభ్రం చేసుకోవాలి. రాత్రి భోజనమయ్యాక ఈ పని చేసి, తరువాత బ్రష్షుతో తోముకొంటే నోరు నిద్రకు సిద్ధమైనట్లే. ఆపైన నీరు తప్ప మరేదీ నోట్లో వేసుకోరాదు. పాలసీసా నోట్లో ఉండగానే నిద్రపోయే పసిపిల్లల ముందుపళ్లు త్వరగా పుచ్చిపోవడం ఈ నియమం ఎంత ముఖ్యమో తెలుపుతుంది.

పాచిని తొలగించకుండా వదిలితే అది లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది. గారను బ్రష్షు కదిలించలేదు, దంతవైద్యుడే తీయాలి. గార పట్టిన చోట చిగుళ్లు ఎర్రబడి, వాచి, తోమేటప్పుడు రక్తం కారుతుంది. రక్తం చూసి భయపడి ఆ చోట తోమడం మానివేయడం సర్వసాధారణంగా జరిగే తప్పు. రక్తస్రావం చాలా సందర్భాలలో అక్కడ పాచి మిగిలిపోయిందని చిగురు చేసే ఫిర్యాదు. మెత్తని బ్రష్షుతో ఆ చోటును మరింత శ్రద్ధగా శుభ్రపరిస్తే, తొలిదశలో ఉన్న వాపు కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి. ఉపేక్షిస్తే వ్యాధి చిగురు నుంచి ఎముకకు దిగి, పుచ్చని పన్ను కూడా కదిలి ఊడిపోతుంది. మధుమేహానికి, చిగుళ్ల వ్యాధికి పరస్పర సంబంధముంది. మధుమేహం అదుపు తప్పితే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లు చెడితే మధుమేహాన్ని అదుపు చేయడం కష్టమవుతుంది. లవంగనూనె పంటినొప్పిని కొంతసేపు మరిపిస్తుందే తప్ప, నొప్పికి మూలమైన వ్యాధిని నయం చేయదు. నొప్పి తగ్గడం, రోగం తగ్గడం ఒకటి కావు.

చిరునవ్వు మిలమిల మెరవాలన్న కోరికతో పళ్లను పాలవలె తెల్లగా మార్చుకోవాలనుకోవడం నేటి యువతరంలో కనిపించే మోజు. పింగాణీ పొర పాక్షికంగా పారదర్శకమైనది. దానిగుండా లోపలి డెంటిన్ ఛాయ కనిపిస్తుంది కనుక, ఆరోగ్యమైన పంటికి సహజంగానే లేత పసుపు జీర ఉంటుంది. దానిని రోగమనుకోవడం అజ్ఞానం. పంటి రంగుకు, దాని యజమాని శుభ్రతకు ముడిపెట్టడం ఎంతటి అన్యాయమో నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల అనుభవం చెబుతుంది. ఆ ప్రాంతాల్లో అనేక గ్రామాల భూగర్భజలాల్లో ఫ్లోరైడు మోతాదు మించి ఉంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పంటిని రక్షించే పదార్థమే హద్దు మీరితే పంటికి శత్రువవుతుంది. పింగాణీ పొర రూపొందే పసివయసులో ఆ నీటిని తాగిన బాలల శాశ్వత దంతాలపై గోధుమరంగు మరకలు ఏర్పడ్డాయి. కొందరికి ఎముకలు సైతం వంగిపోయాయి. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి 'నల్గొండ విధాన'మని పేరు పెట్టింది. ఆ పళ్లపై మరకలు తోమకపోవడం వల్ల వచ్చినవి కావు. ఎంత తోమినా పోయేవీ కావు. అవి నీటి దోషానికి గుర్తులు. అటువంటి పలువరుసను చూసి నవ్వేవారు మనిషి బాధను చూసి నవ్విన వారవుతారు.

నీటి దోషం మనిషి కోరి తెచ్చుకొన్నది కాదు. కోరి తెచ్చుకొనే కీడు పొగాకు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంత గ్రామాల్లో చుట్టను వెలిగించి, మండే కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చే అలవాటు స్త్రీలలో ఎక్కువగా ఉండేది. దీనిని అడ్డపొగ అంటారు. ఈ అలవాటు గలవారిలో అంగిలి క్యాన్సరు అధికంగా ఉన్నట్లు వైద్య పరిశోధకులు గుర్తించారు. నేడు అదే ముప్పు గుట్కా, ఖైనీ పొట్లాల రూపంలో కళాశాల వాకిట నిలిచింది. పొగాకు లేని వక్కపొడి నిరపాయమన్న నమ్మకం కూడా సరికాదు. వక్క మనుషులకు క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన గ్రంథంలో నిర్ధారించింది. వక్కను నిత్యం నమిలేవారిలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి, నోరు తెరవడమే కష్టమయ్యే వ్యాధి రావచ్చు. నోటిలో పుండు గాని, తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని రెండు వారాలకు మించి మానకపోతే తక్షణం వైద్యునికి చూపించాలి. తొలిదశలో గుర్తించిన నోటి క్యాన్సరును నయం చేయడం సాధ్యం.

ఆటస్థలంలో బంతి తగిలో, వాహనం మీది నుంచి పడో శాశ్వత దంతం వేరుతో సహా ఊడిపోవడం యువకులలో తరచు జరిగే ప్రమాదం. ఆ క్షణంలో ఏమి చేయాలో తెలిసినవారు తక్కువ. ఊడిన పన్నును వేరు తాకకుండా, పైభాగంతో పట్టుకోవాలి. మట్టి అంటితే పాలతో గాని, నీటితో గాని ఒక్క క్షణం కడగాలి, రుద్దరాదు. వీలైతే దానిని వెంటనే పూర్వపు గుంటలోనే నిలపాలి. వీలుకాకపోతే పాలలో వేసి, అరగంటలోగా దంతవైద్యుని చేరుకోవాలి. గంట దాటిన కొద్దీ అది తిరిగి నాటుకొనే అవకాశం సన్నగిల్లుతుంది. ఈ ప్రథమ చికిత్స పాలపళ్లకు వర్తించదు. కాగితంలో చుట్టి జేబులో వేసుకొన్న పన్ను, గిన్నెడు పాలలో వేసిన పన్ను - ఈ రెండింటి మధ్య తేడా ఒక జీవితకాలపు చిరునవ్వు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి వ్యాధితో బాధపడుతున్నారు. వీటిలో అధికభాగం నివారించదగినవే కావడం ఆలోచించవలసిన విషయం. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే దంతవైద్యుని గుర్తు తెచ్చుకోవడం పరిపాటి. పిప్పిపన్ను మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యేసరికి క్షయం గుజ్జును చేరి ఉంటుంది. చిన్న రంధ్రంగా ఉన్నప్పుడు పూడ్చడంతో సరిపోయేది, ఆలస్యమయ్యేకొద్దీ వేరు చికిత్సకు, చివరకు పన్ను పీకడానికి దారితీస్తుంది. నొప్పి లేకున్నా క్రమం తప్పక పరీక్ష చేయించుకోవడం వివేకవంతుల లక్షణం. తెలుగులో 'పన్ను' అన్న మాటకు దంతమన్న అర్థంతోపాటు ప్రభుత్వానికి చెల్లించే సుంకమన్న అర్థం కూడా ఉంది. రోజుకు నాలుగు నిమిషాల సుంకాన్ని సకాలంలో చెల్లించనివారు పిదప అపరాధ రుసుముతో సహా చెల్లించవలసి వస్తుంది. ఆ రుసుము ధనరూపంలోనే కాక, బాధ రూపంలో కూడా ఉంటుంది.

ఇంటర్మీడియట్ చదివే వయసు జ్ఞానదంతాలు మొలిచే వయసు. ద్విజమన్న మాట సార్థకం కావడానికి మిగిలిన చివరి అంకమది. ఆ తరువాత నోటిలో కొత్తగా మొలిచేది ఏదీ లేదు; ఉన్నదానిని నిలుపుకోవడమే ఉంది. ఇంట్లో చిన్నారి చెల్లెలికో, తమ్ముడికో ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు రాత్రిపూట దగ్గరుండి పళ్లు తోమించడం, కట్టుడు పళ్లు వాడే తాతయ్యకో, అమ్మమ్మకో వాటిని నిద్రకు ముందు తీసి, కడిగి, నీటిలో ఉంచాలని గుర్తుచేయడం యువతీయువకులు సులభంగా చేయగల సేవ. దంతధావనాన్ని పూర్వులు ప్రాతఃకృత్యంగా నిర్దేశించారు. నేటి విజ్ఞానం దానికి రాత్రివేళను కూడా జోడించింది. ఈ రెండు పూటల నియమాన్ని పాటించే ఇంట పసివారి నవ్వు నుంచి ముసలివారి మాట వరకు అన్నీ స్పష్టంగా, ఆరోగ్యంగా ఉంటాయి.